యాక్సిడెంట్ తర్వాత నేను ఎంచుకున్న బండి: సుజుకీ జిక్సర్ ఎస్‌ఎఫ్ 250

పాత బండి టోటల్ లాస్ కింద పోయాక మళ్లీ స్పోర్ట్ బైకే కొంటానంటే మా ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోలేదు. స్కూటీ తీసుకో, లేదంటే కంపెనీ బస్సులో వెళ్లు అన్నారు. నేను పరవాడ ఫార్మా సిటీలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో షిఫ్టుల్లో పనిచేస్తాను. ఇల్లు గోపాలపట్నం. షిఫ్టు మారినప్పుడల్లా బస్సు కోసం మెయిన్ రోడ్డు మీద నిలబడడం నా వల్ల కాదు. బండి నడపడం అంటే నాకు ఇష్టం కూడా. ఆ ఇష్టం యాక్సిడెంట్‌తో పోలేదు. అందుకే దసరాకి సుజుకీ జిక్సర్ ఎస్‌ఎఫ్ 250 తీసుకున్నాను. అక్టోబరు తుఫాను వానలు, చలికాలం మంచు, మన విశాఖ ఎండలు, అన్నీ దాని మీదే చూశాను. నాలాగే బండి పోగొట్టుకుని, ఒంటికి దెబ్బ తగిలి, ఏది కొనాలో తేల్చుకోలేక ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

యాక్సిడెంట్ గురించి ఎక్కువ చెప్పను. లంకెలపాలెం దాటాక రాంగ్ సైడ్‌లో ఎదురొచ్చిన ఆటో నన్ను గుద్దింది. ఎడమ మణికట్టు దగ్గర ఎముక విరిగితే ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. బండి ముందు భాగం మొత్తం పోయింది. ముందు చక్రాన్ని పట్టుకునే గొట్టాలు, అంటే ఫోర్కులు వంగాయి, రేడియేటర్ పగిలింది, హెడ్‌లైట్ ముక్కలైంది, ఎడమవైపు ఫెయిరింగ్ (బండి చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు) ఊడిపోయింది. ఛాసిస్ మాత్రం బాగానే ఉందని అందరూ అన్నారు. అలాంటప్పుడు రిపేరు చేయించుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఫెయిరింగ్ ఉన్న బండ్లకు ఈ లెక్క వేరుగా ఉంటుంది, అది ముందు చెప్తాను.

ఇన్సూరెన్స్ వాళ్లు రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో బండికి కట్టిన విలువలో) 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్‌గా తీసుకుంటారు. నా బండికి మూడేళ్లు నిండి నాలుగో ఏడు నడుస్తోంది. ఆ వయసు బండికి ఐడీవీ కట్టేటప్పుడు ధరలో 40 శాతం తగ్గిస్తారు. అంటే ధర రెండు లక్షలు అనుకుంటే ఐడీవీ ₹1,20,000. అందులో 75 శాతం ₹90,000. మామూలు బండికి ముందు గుద్దుడుకి అంత ఖర్చు రాదు. స్పోర్ట్ బైక్‌కి ఫోర్కులు, రేడియేటర్, హెడ్‌లైట్, ఫెయిరింగ్ ప్యానెళ్లు, మీటర్, లేబర్ కలిపి వేస్తే ఎస్టిమేట్ ఆ గీత దాటడానికి ఎంతోసేపు పట్టదు. ఇంజిన్‌కి గీత కూడా పడని బండి అలా స్క్రాప్ కింద పోతుంది. కాబట్టి కొత్త బండి ఎంచుకునేటప్పుడు పికప్, మైలేజ్ కంటే ముందు నేను అడిగింది ఇదే: ముందు నుంచి దెబ్బ తగిలితే ఇందులో ఏమేమి పగులుతాయి, ఆ సామాన్లు ఎంత, ఎన్ని రోజుల్లో వస్తాయి?

ఇంకో రెండు విషయాలు కూడా తెలిసి ఉండాలి. సొంత బండి నష్టానికి (ఓన్ డ్యామేజ్) క్లెయిమ్ తీసుకుంటే, క్లెయిమ్ లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు (నో క్లెయిమ్ బోనస్) సున్నా అవుతుంది, కొత్త బండికి దాన్ని మోసుకెళ్లలేరు. పాలసీలో ఉండే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ప్రాణం పోతేనో, శాశ్వతంగా అవయవం పోతేనో పనికొస్తుంది. చెయ్యి విరిగి ఆసుపత్రిలో చేరితే ఆ బిల్లుకి అది రాదు. మా కంపెనీ గ్రూప్ హెల్త్ పాలసీ ఉండబట్టి నేను బయటపడ్డాను. సొంతంగా హెల్త్ ఇన్సూరెన్స్ లేనివాళ్లు బండి షోరూమ్‌కి వెళ్లే ముందు ఆ పని చూసుకోండి.

ఇక బండి ఎంపిక. నా విషయంలో అసలు పరీక్ష పెట్టింది నా మణికట్టే. కట్టు విప్పాక ఫిజియోథెరపీ చేయించిన మేడమ్ ఒక మాట గట్టిగా చెప్పారు: "క్లచ్ నొక్కడం వల్ల చెయ్యి పాడవదు, అది ఎక్సర్‌సైజ్ లాంటిదే. అరచేతి మీద బరువు మోపి గంటలకొద్దీ కూర్చోవద్దు." స్పోర్ట్ బైక్ అంటేనే ముందుకు వంగి కూర్చోవడం. ఎంత వంగాలి అన్నది హ్యాండిల్ ఎక్కడ బిగించారు అన్నదాని మీద ఉంటుంది. ఈ బండ్లకు ఒక్క కడ్డీ హ్యాండిల్ ఉండదు, ఎడమకి ఒకటి, కుడికి ఒకటి విడివిడిగా ఫోర్కులకు పట్టించి ఉంటాయి. వాటినే క్లిప్ ఆన్ అంటారు. ఫోర్కులను పైన కలిపి పట్టుకునే పలక కింద క్లిప్ ఆన్ బిగిస్తే చేతులు కిందికి దిగుతాయి, ఒంటి బరువు మణికట్టు మీద పడుతుంది. ఆ పలక పైన బిగించి కాస్త ఎత్తు చేస్తే నడుము దాదాపు నిటారుగా ఉంటుంది. షోరూమ్‌లో బండి స్టాండ్ వేసి ఉండగా కూర్చుంటే ఈ తేడా తెలియదు. రెండు నిమిషాల్లో ఎవరికీ చెయ్యి నొప్పి పుట్టదు. టెస్ట్ రైడ్ తీసుకుని, నాలుగు స్పీడ్ బ్రేకర్లు దిగి, సిగ్నల్ దగ్గర బ్రేకు వేసి ఆగితే అప్పుడు తెలుస్తుంది. బ్రేకు వేసినప్పుడు ఒళ్లంతా ముందుకు వచ్చి అరచేతుల మీదే ఆగుతుంది కదా.

యమహా ఆర్15 వీ4 మీద నాకు మొదటి నుంచీ మనసు. 155 సీసీలో 18.4 పీఎస్ పవర్, తేలికైన క్లచ్, వెనక చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్, 142 కిలోల బరువు. మలుపులో అది వంగే తీరు చూస్తే ఆ ధరలో దానికి సాటి లేదని ఇప్పటికీ అంటాను. 2008 నుంచి మన దేశంలో ఉన్న పేరు, మెకానిక్‌లందరికీ తెలిసిన బండి. నమ్మకం విషయంలో కూడా దానికి వంక పెట్టలేను. మర్రిపాలెం వైపు టెస్ట్ రైడ్‌కి తీసుకెళ్లి తిరిగి వచ్చేసరికి ఎడమ మణికట్టులో ప్లేటు ఉన్నచోట లాగడం మొదలైంది. క్లచ్ వల్ల కాదు, కూర్చునే తీరు వల్ల. చెయ్యి బాగున్న రోజుల్లో అయితే అదే కొనేదాన్ని. చెయ్యికి, భుజానికి, కాలర్ బోన్‌కి దెబ్బ తగిలినవాళ్లు మాత్రం కనీసం ఒక ఏడాది దాని జోలికి వెళ్లకుండా ఉంటే మంచిది.

బజాజ్ పల్సర్ ఆర్‌ఎస్ 200 మీద కూర్చోవడం సుఖంగానే ఉంది, ఇంజిన్ 24.5 పీఎస్‌తో బాగా లాగుతుంది. టీవీఎస్ అపాచే ఆర్ఆర్ 310 చాలా ఇష్టమైంది కానీ నా బడ్జెట్ దాటింది. కేటీఎం ఆర్‌సీ 390 ఇంజిన్ 373 సీసీ. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, 350 దాటిన వాటికి 40 శాతానికి పెరిగింది. అంటే 390 తరగతి నాకు మరింత దూరమైంది. సీటు ఎత్తు కూడా 824 మిల్లీమీటర్లు, అయిదడుగుల నాలుగంగుళాల నాకు మునివేళ్లే ఆనాయి. కవాసకీ నింజా 300 ట్విన్ సిలిండర్ ఇంజిన్ చాలా మృదువుగా తిరుగుతుంది, 17 లీటర్ల ట్యాంకు దూర ప్రయాణాలకు బంగారం. ఆ ధరకు నేను లోన్ పెట్టదలచుకోలేదు.

మధ్యలో సెకండ్ హ్యాండ్ కూడా చూశాను, దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇన్సూరెన్స్ డబ్బు చేతికి వచ్చాక చాలామంది చేసే ఆలోచన ఇదే: అదే డబ్బుతో ఇంకొంచెం పెద్ద బండి సెకండ్స్‌లో తీసుకుందామని. కంచరపాలెంలో మా పాత బండి చూసే మెకానిక్ బాబాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన ఇంజిన్ స్టార్ట్ చేయనివ్వలేదు. "బండి మెరుపు సూడకమ్మా, ముందు హేండిల్ తిప్పు" అన్నాడు. హ్యాండిల్‌ని ఎడమవైపు చివరికంటా తిప్పించి, ట్యాంకు ముందు భాగం కింద స్టీరింగ్ తల దగ్గర ఉండే స్టాపర్ మీద టార్చ్ వేశాడు. హ్యాండిల్ అంతకు మించి తిరగకుండా ఆపే చిన్న లోహపు దిమ్మ అది. మామూలుగా వాడిన బండికి అక్కడ సన్నటి గీత మాత్రమే ఉంటుంది. ముందు నుంచి గట్టిగా గుద్దుకున్నప్పుడు చక్రం ఒక్కసారిగా విసురుగా తిరిగి ఆ దిమ్మని కొడుతుంది. దాంతో అక్కడ లోహం సొట్టపడుతుంది, పెయింటు పెచ్చులు లేస్తుంది. ఆయన చూపించినచోట వేలు పెడితే గుంట తగిలింది. "సూడు, పెయింటు లేచిపోనాది. ఇది ముఖమెట్టి గుద్దిన బండి. ఫెయిరింగ్ మార్చేసి అమ్మకానికెట్టినాడు."

తర్వాత ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్‌ని నెమ్మదిగా ఇటూ అటూ తిప్పాడు. సరిగ్గా మధ్యలోకి వచ్చేసరికి చిన్నగా పట్టినట్టయి ఆగుతోంది. స్టీరింగ్ బేరింగ్ దెబ్బతింటే అలా అవుతుందట. ఫోర్కు గొట్టాల మీద గోరు పెట్టి పైనుంచి కిందికి లాగించాడు, గరుకు తగిలితే సీల్ తినేసి ఆయిల్ కారుతుంది. ఫెయిరింగ్ బోల్టుల తలలు చూశాడు, కొన్ని కొత్తగా, కొన్ని తుప్పుతో ఉంటే ఊడదీసి బిగించినట్టే. ఇవన్నీ చూడడానికి పైసా ఖర్చు లేదు, సమయం కూడా ఎక్కువ పట్టదు. కాగితాల వైపు ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఇన్సూరెన్స్ ఎప్పటివరకు ఉందో, లోన్ తాకట్టు ఇంకా ఉందో లేదో కనిపిస్తుంది. తాకట్టు ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వకండి. పేరు మార్పుకి ఫారం 29, 30 మీద సంతకాలు అమ్మేవాళ్లవి కావాలి.

నేను సెకండ్ హ్యాండ్ వద్దనుకున్నది ఆ ఒక్క బండి వల్ల కాదు. ఫెయిరింగ్ ఉన్న బండిలో సగం చరిత్ర ప్లాస్టిక్ వెనకాల దాగి ఉంటుంది. ఒకసారి పడి లేచిన నాకు, మలుపులో వంగేటప్పుడు కింద బండి మీద అనుమానం ఉండకూడదు. ఆ టెన్షన్‌తో నడిపితే మళ్లీ పడతాం. హోండా సీబీఆర్250ఆర్ లాంటి పాత మంచి బండ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి, కానీ దాని తయారీ 2020లో ఆగిపోయింది. రోజూ డ్యూటీకి వెళ్లే బండికి సామాన్ల కోసం ఊళ్లు వెతకడం నాకు కుదరదు.

షోరూముల సంగతి కూడా చెప్పాలి. ఒకచోట "మేడమ్, తమ్ముడి కోసమా?" అని అడిగి, నాకే అన్నాక స్కూటర్ల వైపు తీసుకెళ్లారు. టెస్ట్ రైడ్ అడిగితే బండి లేదన్నారు. అలాంటి చోట వాదించకుండా వచ్చేశాను, వేరే ఊళ్లో అయినా సరే సరిగ్గా మాట్లాడేవాళ్ల దగ్గరే కొనండి అని అమ్మాయిలకు నా సలహా. ఎందుకంటే రేపు వారంటీ పని పడితే ఆ కౌంటర్ ముందే నిలబడాలి. జిక్సర్ తీసుకున్న చోట నేను కట్టు విప్పిన చెయ్యి చూపించి నా భయం చెప్పాను. ఆ అబ్బాయి "అక్కా, మీరు రోజూ వెళ్లే రోడ్డులోనే నడిపి చూడండి" అని బండి ఇచ్చి, వెనకాల స్కూటర్ మీద తను వచ్చాడు. పార్ట్స్ కౌంటర్‌లో హెడ్‌లైట్, లివర్లు, ఫెయిరింగ్, ఫోర్కు గొట్టం రేట్లు అడిగితే విసుక్కోకుండా కంప్యూటర్‌లో చూసి రాసిచ్చారు. ఏ బండి కొన్నా ఈ కాగితం అడిగి తీసుకోండి. బుకింగ్ డబ్బు కట్టే ముందే అడగాలి, కట్టాక అడిగితే ఎవరికీ తీరిక ఉండదు.

ఇప్పుడు బండి. జిక్సర్ ఎస్‌ఎఫ్ 250 మన దేశంలో 2019 మేలో వచ్చింది. 249 సీసీ సింగిల్ సిలిండర్, 26.5 పీఎస్, 22.2 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం), ఆరు గేర్లు. బరువు 161 కిలోలు, సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు, ట్యాంకు 12 లీటర్లు. జీఎస్టీ తగ్గాక ఎక్స్‌షోరూమ్ ధర రెండు లక్షల లోపుకి దిగింది. ఇదే పేరుతో 155 సీసీ ఎస్‌ఎఫ్ కూడా ఉంటుంది, చూడడానికి ఒకేలా ఉంటాయి. దానికి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ముందు చక్రానికి మాత్రమే, 250కి రెండు చక్రాలకూ. కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

మణికట్టుకి ఇబ్బంది లేదని తేలాక నన్ను దీనివైపు తిప్పింది ఇంజిన్ చల్లబరిచే పద్ధతి. ఈ తరగతిలో దాదాపు అన్ని బండ్లూ నీళ్లతో చల్లబడతాయి. వాటికి ముందు చక్రం వెనకాలే రేడియేటర్, దానికి ఫ్యాను, రబ్బరు గొట్టాలు, పంపు, కూలెంట్ ఉంటాయి. చిన్న యాక్సిడెంట్‌లో ముందు చక్రం వెనక్కి వచ్చి తగిలేది రేడియేటర్‌కే. అది పగిలితే బండి అక్కడే ఆగిపోవాలి. జిక్సర్‌లో సుజుకీ వాళ్లు ఇంజిన్ ఆయిల్‌తోనే ఆ పని చేయించారు. పెట్రోలు మండే గది చుట్టూ నీళ్లకు బదులు ఆయిల్ తిరగడానికి దారులు పెట్టి, ఆ ఆయిల్‌ని ముందున్న చిన్న కూలర్‌లోకి పంపి మళ్లీ తెప్పిస్తారు. కూలెంట్ అనేదే లేదు, విడిగా నీళ్ల పంపు లేదు. కూలర్ కూడా ముందే ఉంటుంది, దానికీ దెబ్బ తగలవచ్చు, అది కాదనను. కానీ పాడవడానికి ఉన్న వస్తువుల సంఖ్యే తగ్గింది. ఈ బండిలో ఆయిలే రక్తం, ఆయిలే చెమట. అందుకే ఆయిల్ మార్చే విషయంలో ఆలస్యం అస్సలు పనికిరాదు. సర్వీసు తేదీ దాటించే అలవాటు ఉన్నవాళ్లు ఈ బండి తీసుకోవద్దు.

ఇదే ఇంజిన్ మామూలు జిక్సర్ 250లోనూ, 2022లో వచ్చిన వీ స్ట్రామ్ ఎస్ఎక్స్‌లోనూ ఉంది. ఇంజిన్ సామాన్లు మూడు బండ్లకూ కలుస్తాయి, అన్నీ గురుగ్రామ్ ఫ్యాక్టరీలో తయారయ్యేవే. మెకానిక్ బాబాయి అన్న మాట నాకు నచ్చింది: "ఎక్కువ బండ్లలో ఉన్న ఇంజినే మంచి ఇంజిను. దాని రోగాలు అందరికీ తెలుస్తాయి."

పవర్ సంగతి. ఈ బండి ఆరంభంలో ఎగిరిపడదు. తక్కువ స్పీడులో గేరు మార్చకుండానే లాక్కుపోతుంది. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో మూడో గేరులో నెమ్మదిగా వెళ్తున్నా గింజుకోదు. ఎడమ చెయ్యి బాగులేని నాకు అది పెద్ద వరం, క్లచ్ నొక్కే పని సగం తగ్గింది. హైవేల మీద టూ వీలర్లకు గంటకు 80 కిలోమీటర్లే చట్టం చెప్పిన హద్దు. ఆ వేగంలో ఆరో గేరులో ఇంజిన్ ప్రశాంతంగా తిరుగుతుంది, ఓవర్‌టేక్ చేయాలంటే ఇంకా శక్తి మిగిలే ఉంటుంది. నాకు అంతకంటే పెద్ద ఇంజిన్ అవసరం లేదని ఇక్కడే అర్థమైంది. మైలేజ్ లీటరుకి ముప్పై అయిదుకి అటూ ఇటూ వస్తోంది.

బ్రేకుల గురించి నిజాయితీగా చెప్పాలంటే, మొదటి నెల నేను బ్రేకు లివర్ మీద నుంచి వేళ్లు తీయలేదు. కుర్మన్నపాలెం నుంచి లంకెలపాలెం వైపు రోడ్డు మీద లారీల నుంచి రాలిన బూడిద, ఇసుక ఎప్పుడూ ఉంటాయి. తొలి చినుకు పడగానే అది నల్లటి జిగురులా మారుతుంది. తుఫాను రోజుల్లో ఒక ఉదయం నా ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. రెండు బ్రేకులూ కలిపి నొక్కాను. లివర్ నా వేళ్ల కింద టకటకా కొట్టుకుంది, వెనక చక్రం కొంచెం కూడా పక్కకి జారలేదు, బండి గీత గీసినట్టు తిన్నగా ఆగింది. ఏబీఎస్ పనిచేసేటప్పుడు లివర్ అలా కొట్టుకోవడం చూసి కొందరు భయపడి బ్రేకు వదిలేస్తారు. వదలకూడదు, ఇంకా గట్టిగా పట్టుకోవాలి. కొత్త బండి తెచ్చుకున్న వారంలోనే ఖాళీ రోడ్డు చూసుకుని, తక్కువ వేగంలో కావాలనే గట్టిగా బ్రేకు వేసి ఆ కొట్టుకోవడం చేతికి అలవాటు చేసుకోండి. యాక్సిడెంట్ నుంచి కోలుకున్నవాళ్లకు ధైర్యం తిరిగి రావడానికి నాకు తెలిసిన మంచి మందు అదే.

శీతాకాలంలో అరకు వెళ్లాను. కొత్తవలస, ఎస్.కోట దాటి బొడ్డవర తర్వాత ఘాట్ మొదలవుతుంది. కాశీపట్నం నుంచి టైడా, అనంతగిరి మీదుగా గాలికొండ వరకు మలుపుల మీద మలుపులు. ఎక్కేటప్పుడు రెండు, మూడు గేర్లలోనే దాదాపు మొత్తం వెళ్లొచ్చు. దిగేటప్పుడు ఇంజిన్ బ్రేకింగ్ బాగా పట్టుకుంటుంది, కానీ గేరు దించినప్పుడు కుదుపు తగ్గించే స్లిప్పర్ క్లచ్ ఇందులో లేదు. తొందరపడి ఒకేసారి రెండు గేర్లు దించితే వెనక చక్రం కుదుపుతుంది. గేరు ఒక్కొక్కటే దించాలి. ఫోర్కులు పాత పద్ధతివే, తలకిందులుగా బిగించే ఖరీదైన యూఎస్‌డీ రకం కాదు. లావుగా, గట్టిగా ఉండబట్టి మలుపులో బ్రేకు వేసినా ముక్కు మరీ కిందికి పడదు. గుంత తగిలితే మాత్రం కొంచెం గట్టిగానే తెలుస్తుంది. సుంకరమెట్ట దగ్గర కాఫీకి ఆగినప్పుడు చెయ్యి విదిలించి చూసుకున్నాను. నొప్పి లేదు. అలసట ఉంది, అది వేరు.

సముద్రం ఉన్న ఊళ్లో బండి పెట్టుకునేవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. ఉప్పుగాలి ఏ కంపెనీ బండినీ వదలదు. ఆదివారాలు రుషికొండ, తొట్లకొండ మీదుగా భీమిలి దాకా వెళ్లి వస్తాను. ఆ రోడ్డు మీద గాలితో పాటు ఇసుక కూడా వచ్చి రోడ్డు అంచున పేరుకుంటుంది. తిరిగి వచ్చిన రోజే మంచినీళ్లతో ఫోర్కులు, సైలెన్సర్ బోల్టులు, బ్రేకు డిస్కుల దగ్గర కడుగుతాను. ప్రెషర్ వాటర్ వద్దు, బేరింగుల్లోకి నీళ్లు పోతాయి. చైన్‌కి ప్రతి 500 కిలోమీటర్లకి శుభ్రం చేసి లూబ్ కొడతాను. బయట పెట్టేటప్పుడు కవర్ కప్పితే తుప్పు రాదనుకుంటారు. తడి బండికి కవర్ కప్పితే లోపల ఉప్పు తేమ నిలిచిపోయి మరీ ఎక్కువ తుప్పు పడుతుంది. ఆరాకే కప్పండి.

లోటుపాట్లు చెప్పకపోతే ఇది రివ్యూ కాదు. ట్రాక్షన్ కంట్రోల్ లేదు, క్లచ్ నొక్కకుండా గేరు మార్చే క్విక్ షిఫ్టర్ లేదు, మీటర్ మామూలు ఎల్‌సీడీ. ఈ ధరలో పక్క బండ్లు ఇవన్నీ ఇస్తున్నాయి. రూపం 2019లో వచ్చినదే, రంగులు మారుతూ వచ్చాయి తప్ప ఆకారం మారలేదు. నాకు అది నచ్చిన విషయమే, ఎందుకంటే ఏటా ఫెయిరింగ్ మారే బండికి నాలుగేళ్ల తర్వాత ప్యానెల్ దొరకదు. కొత్తదనం కావాలనుకునేవాళ్లకు మాత్రం పాతగా కనిపిస్తుంది. వెనక సీటు ఎత్తుగా, చిన్నగా ఉంటుంది. మా అమ్మ ఒకసారి ఎక్కి సింహాచలం వెళ్దామంటే ఆటో పిలవమంది. ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని తిరగాలంటే ఈ బండి వద్దు. సర్వీస్ సెంటర్లు విశాఖ, విజయవాడ లాంటి చోట్ల ఇబ్బంది లేదు. పాడేరు, పార్వతీపురం వైపు ఉండేవాళ్లు ఆర్15 అయినా, పల్సర్ అయినా, మీ ఊరికి దగ్గరలో ఎవరి వర్క్‌షాప్ ఉందో చూసుకుని దాన్ని బట్టి నిర్ణయించుకోండి. బండి ఎంత మంచిదైనా సామాను కోసం అరవై కిలోమీటర్లు లారీ ఎక్కించి పంపాల్సి వస్తే దాన్ని నమ్మకమైన బండి అనలేం.

ఇన్సూరెన్స్ ఈసారి జీరో డెప్, రిటర్న్ టు ఇన్‌వాయిస్ రెండూ కలిపి తీసుకున్నాను. జీరో డెప్ లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు సామాన్ల మీద 50 శాతం మన జేబులోంచే పోతుంది, ఫెయిరింగ్ బండిలో ఉన్నదంతా ప్లాస్టికే. రిటర్న్ టు ఇన్‌వాయిస్ ఉంటే టోటల్ లాస్ అయినప్పుడు తగ్గించిన ఐడీవీ కాకుండా కొన్న ధర లెక్కలోకి వస్తుంది. బండికి ఎన్నేళ్ల వరకు ఇస్తారో పాలసీలో చదవండి, పాతబడిన బండికి ఇది దొరకదు. ఫ్రేమ్ స్లైడర్లు వేయించాను. బండి పక్కకి పడితే ఇంజిన్ కవర్‌కి, ఫెయిరింగ్‌కి ముందు అవే తగులుతాయి.

హెల్మెట్ కూడా కొత్తది కొన్నాను. పాతదాని పైన గీతలు తప్ప ఏమీ లేదు, వాడుకోవచ్చు కదా అని నాన్న అన్నారు. లోపల ఉండే థర్మోకోల్ లాంటి పొర ఒక్క దెబ్బకే నలిగి తన పని చేసేస్తుంది, రెండోసారి కాపాడదు, బయటికి అది కనబడదు కూడా. బెల్టు కత్తిరించి పారేశాను, ఎవరూ తీసి వాడకుండా. కొత్తదానికి ఐఎస్ఐ గుర్తుతో పాటు యూరప్ భద్రతా ప్రమాణం ఈసీఈ 22.06 స్టిక్కర్ ఉన్నది చూసి తీసుకున్నాను. అరచేతి కింది భాగంలో గట్టి ప్లాస్టిక్ పలక ఉన్న గ్లౌజులు కూడా కొన్నాను. మనిషి పడేటప్పుడు ముందు చెయ్యే పెడతాడు, ఆ పలక ఉంటే అరచెయ్యి రోడ్డుకి పట్టుకోకుండా జారుతుంది. బండి బడ్జెట్ వేసుకునేటప్పుడు ఈ రెండింటి డబ్బు మొదటే పక్కన పెట్టి, మిగిలినదానికే బండి చూడండి.